ఓడెక్కి వచ్చినవాళ్ళకి వట్టివేరు

అప్ప పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. పోయినందుకు కాదు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయింది, అంతకంటే మంచి చావు ఎవరికి వస్తుంది? మా అన్నయ్య ఆ మాట చెప్పిన తీరుకి మండింది.

"ఆ ముసలావిడ పోయిందే. మూడింటికి సమాధి పెట్టేశాం. నువ్వు గోల్ ఘర్ నుంచి రావాలి కదా, బస్సు చూసుకో. ఇక్కడ అంతా రెడీ. కుర్రాళ్ళు స్ప్రే కూడా కొట్టేశారు."

"ఏం స్ప్రే?" అన్నాను.

"అదేనే, చంకల్లో కొట్టుకుంటారే, అది."

ప్రోతరాపూర్‌లో మూడు తరాల తెలుగు శవాలకి స్నానం చేయించి, గోళ్ళు తీసి, తల దువ్వి, అత్తరు రాసి పెట్టెలో పడుకోబెట్టిన మనిషికి చివరికి దక్కింది చంకల్లో కొట్టుకునే స్ప్రే. ఫోన్ పెట్టేసి చీర మార్చుకున్నానో లేదో కూడా గుర్తులేదు. బస్సులో పక్కనున్నావిడ రెండుసార్లు నా మొహం చూసి సీటు మారిపోయింది.

శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడని మొదట అలా పిలిచింది మా నాన్న. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్ళకి కూలి పనుల కోసం మనుషుల్ని ఓడల్లో ఈ దీవులకి తీసుకొచ్చినప్పుడు ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు. నాన్నకి తొమ్మిదేళ్ళు, ఆవిడకి పన్నెండో పదమూడో. ఆవిడ తల్లి అప్పటికే చనిపోయింది, తండ్రితో వచ్చింది. మా నాన్నమ్మ ఓడ ఎక్కింది మొదలు లేవలేదట. నాన్న దారి పొడుగునా ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టుకుని కక్కుకుంటూ వచ్చాడు. రక్తసంబంధం లేకపోయినా నాన్నకి అప్ప అయింది, నాన్నని చూసి ఊరంతా అప్ప అంది. ఆవిడ అసలు పేరు పెట్టె మీద రాయడానికి మొన్న ఎవరికీ తెలియలేదంటే ఇక చూసుకోండి.

శవాన్ని సిద్ధం చేయడం ఆవిడకి ఎవరు నేర్పారో నేను అడగలేదు. నాకు తెలిసేనాటికే ఎవరింట్లో ఎవరు పోయినా పాస్టరుగారికంటే ముందు అప్పకి కబురు వెళ్ళేది. చేతిలో రేకు పెట్టెతో వచ్చేది. అందులో దూది, దువ్వెన, గోళ్ళు తీసే కత్తెర, పాత రుమాలులో చుట్టిన రెండు అత్తరు సీసాలు. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసేది. బయట మేం ఏడుస్తుంటే లోపల్నించి తిట్లు వినిపించేవి. అవును, శవాన్ని తిట్టేది. "అరె, సీదా పడుకోవయ్యా. బతికినన్నాళ్ళూ వొంకరే, ఇప్పుడూ వొంకరేనా? సెయ్యి తియ్యి. తియ్యమంటుంటే! ఎవులు దోసుకుపోతారు నీది?" ఏడుస్తున్నవాళ్ళకి నవ్వొచ్చేది. నవ్వినందుకు మళ్ళీ ఏడుపొచ్చేది. ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఇది మర్యాద కాదన్నారు. "ముప్పయ్యేళ్ళు ఈడితో మాటాడినాను బాబూ, ఇయ్యాల సుప్‌గా ఉంటే ఈడు బయపడతాడు," అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రెండు సీసాల్లో ఒకటి వట్టివేరు, ఒకటి చందనం. ఇంకేదీ రానిచ్చేది కాదు. మల్లె, గులాబి తెచ్చిచ్చిన ఇళ్ళున్నాయి. ఆవిడ పక్కన పెట్టేసేది. ఎందుకని అడిగితే పని తెలిసినవాళ్ళు చెప్పినట్టు చెప్పింది. "పువ్వు వోసన సాయంత్రానికి కుళ్ళిపోద్దమ్మా. ఆ వోసనా ఈ వోసనా కలిస్తే పెట్టి కాడ ఎవులూ నిలబడలేరు. వేరూ చెక్కా అలక్కాదు. వొంట్లోంచి వచ్చినదాన్ని తమలో కలిపేసుకుంటాయి." ఐసు పెట్టెలు లేని రోజులవి, ఓడలో వస్తున్న బంధువు కోసం రెండు రోజులు శవాన్ని ఉంచిన రోజులు. ఆ మాట ఎంత నిజమో మా ఊరివాళ్ళకి తెలుసు.

సీసాలు నిండుకుంటే గోల్ ఘర్‌లో ఒక అత్తరు కొట్టుకి వచ్చేది. ఆ కొట్టు భయ్యా ఆవిణ్ణి చూడగానే మొహం చిన్నబుచ్చుకునేవాడు. దూదికి ఒక చుక్క అంటించుకుని వాసన చూడకుండానే రుమాలు కొసకి ముడేసుకుని వెళ్ళిపోయేది. గంటసేపు బజారంతా తిరిగి వచ్చి అప్పుడు ముడి విప్పి చూసేది. "ఇప్పుడున్నదే దీని అసలు వోసన. ముందర ఉన్నది నీ యాపారం." అలా మూడుసార్లు తిప్పి కొట్టిన వట్టివేరుకి నాలుగోసారి ఒప్పుకునేది. ఆవిడ మాత్రం చుక్క రాసుకునేది కాదు. రాసుకుంటే రేపు ముక్కు పనిచెయ్యదట. ఇంటికొచ్చి బొగ్గుపొడితో, చింతపండుతో చేతులు తోముకునేది. అప్ప దగ్గర కూర్చుంటే ఏ వాసనా వచ్చేది కాదు. అందరికీ వాసనలు పంచిన మనిషికి సొంతానికి ఒకటి లేదు.

ఇక ఏ సీసా ఎవరికి అన్నది. దానికి ఆవిడదొక కట్టడి ఉండేది. పని మొదలుపెట్టేముందు ఇంటివాళ్ళని ఒక్కటే అడిగేది. "ఓడెక్కొచ్చినాడా, ఇక్కడ పుట్టినాడా?" ఓడెక్కి వచ్చినవాళ్ళకి వట్టివేరు. ఇక్కడ పుట్టినవాళ్ళకి చందనం. వట్టివేరు తన ఊరి యేటిగట్టు వాసన అనేది. ఎండిన మట్టి మీద మొదటి చినుకు పడితే వచ్చే వాసన. "ఇక్కడ మట్టికి దాహమేస్తే కదా," అని మా దీవిని వెక్కిరించేది. ఇక్కడ పుట్టినవాళ్ళు చెక్కింట్లో పుట్టి, రంపం మిల్లులో పనిచేసి, చెక్కపొట్టు పీల్చి బతికినవాళ్ళు కాబట్టి వాళ్ళకి చెక్క వాసన. పెట్టె దగ్గర వంగి ముద్దు పెట్టుకున్నవాళ్ళకి ఆ మనిషి ఎక్కడివాడో తెలిసిపోయేది. నా చిన్నతనంలో అదొక గౌరవం. వట్టివేరు వచ్చిందంటే పెద్దతరం మనిషి, ఓడలో వచ్చి అడవి నరికినవాడు అని మగవాళ్ళు టోపీ తీసేవారు.

అంత మంచి పద్ధతిని మావాళ్ళు ఎలా పాడు చేశారో చెప్తాను.

నేను టైపు నేర్చుకుంటున్న రోజుల్లో లోకల్ కార్డుల గొడవ వచ్చింది. ఉద్యోగాలు, కాలేజీ సీట్లు, ఓడ టిక్కెట్లు అన్నీ ఇక్కడివాళ్ళకే ముందన్నారు. ఇక్కడివాడు అంటే ఎవడు? ఇక్కడ పుట్టినవాడని ఎవడో అన్నాడు. వచ్చినవాళ్ళకీ దారి ఉందని, ఇన్నేళ్ళు ఉన్నట్టు కాగితాలు చూపిస్తే చాలని తరవాత తెలిసింది. కాని అప్పటికే అందరూ ఇక్కడ పుట్టేశారు. నలభయ్యేళ్ళవాడు, అరవయ్యేళ్ళవాడు, వచ్చిన ఓడ పేరుతో సహా కథలు చెప్పినవాడు, రాత్రికి రాత్రి ప్రోతరాపూర్‌లో పుట్టేశాడు. మా నాన్న కూడా పుట్టాడు.

అప్పకి ఆ కార్డు అందరికంటే ఎక్కువ అవసరం. ఆసుపత్రిలో ఆయాగా ఏళ్ళ తరబడి టెంపరరీలో ఉంది. పర్మనెంటు కావాలంటే కార్డు తెమ్మన్నారు. ఆవిడకి చదువు రాదు కాబట్టి తోడు నేను వెళ్ళాను. ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు, పాపం. ఫారం ముందు పెట్టుకుని, "పైదా కహాఁ హుఈఁ, దీదీ?" అన్నాడు, ఎక్కడ పుట్టావని.

"మా ఊళ్ళో బాబూ. అక్కడ. వంశధార గట్టు మీద."

అతను కలం ఎత్తేశాడు. నావైపు చూశాడు. "దీదీకో సమ్‌ఝావ్. ఇక్కడే పుట్టానని చెప్పమను. అందరూ అదే చెప్తున్నారు."

నేను ఆవిడ చెవిలో చెప్పాను. అవును, నేనే చెప్పాను. "ఇక్కడే అని చెప్పెయ్ అప్పా, ఏం పోయింది?" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"అలగెలా సెప్తానే? మాయమ్మ అక్కడే ఉన్నాది, మట్టిలో. నాను ఇక్కడ పుట్టినానంటే ఆవిడ మాయమ్మ కాకండా పోద్ది గదా."

ఇక్కడ ఇన్నేళ్ళు ఉన్నట్టు ఆవిడ దగ్గర కాగితం ముక్క లేదు. బడికి వెళ్ళలేదు, ఇల్లు తండ్రి పేరున కూడా లేదు. సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళలో సగంమంది శవాల్ని ఆవిడే కడిగి పంపేసింది. మిగిలినవాళ్ళు, మా నాన్నతో సహా, ఇక్కడే పుట్టేశారు. కార్డు రాలేదు. ఆయా పని పోయింది. సిప్పీఘాట్ వైపు తోటల్లో కలుపు తీయడానికి వెళ్ళింది, నడుం వంగినన్నాళ్ళూ. అబద్ధం చెప్పినవాళ్ళందరం ఫ్యాన్ల కింద కూర్చున్నాం. నిజం చెప్పిన ఒక్క మనిషి ఎండలో కలుపు తీసింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు అన్నం సయించదు.

కార్డులు వచ్చాక మా ఊళ్ళో ఒక విచిత్రం జరిగింది. ఓడెక్కి వచ్చినవాళ్ళు చావడం మానేశారు. ఎవరు పోయినా, "ఇక్కడే పుట్టారప్పా," అనేవారు ఇంటివాళ్ళు, తలుపు సందులోంచి నాలుగు వైపులా చూసి. వట్టివేరు వాసన బయటికి వస్తే ఎవడో ఆఫీసులో చెప్తాడని, పిల్లల కార్డులు పోతాయని భయం. అత్తరు వాసన చూసి కార్డు లాక్కునే ఆఫీసు ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? మా ఊరి బుర్రల్లో ఉండేది.

మా నాన్న పోయినప్పుడు అన్నయ్య ఇంటర్వ్యూకి ఇంకా పదిరోజులుంది. అప్ప వచ్చింది. రేకు పెట్టె కింద పెట్టి, రుమాలు విప్పి, అడక్కుండానే వట్టివేరు సీసా చేతిలోకి తీసుకుంది. ఇక అడగడమేమిటి? తన ఒళ్ళో పడుకుని వచ్చిన పిల్లాడు. అన్నయ్య అమ్మ భుజం మీద చెయ్యేశాడు. నొక్కాడు, నేను చూశాను. అమ్మ తల వంచుకుని, "మీ తమ్ముడు... ఇక్కడే పుట్టారు కదప్పా," అంది.

అప్ప కదల్లేదు. సీసా చేతిలోనే ఉంది. అమ్మ మొహం చూసింది, అన్నయ్య మొహం చూసింది, నా మొహం చూసింది. నేను గోడకేసి చూశాను. నాకు తెలియదా? నాన్న వంద సార్లు చెప్పిన కథ. ఒక్కమాట అంటే సరిపోయేది. అన్నయ్యకి ఉద్యోగం రావాలి, తరవాత నాకూ రావాలి. నేను గోడకేసే చూశాను.

"సరేలేమ్మా," అంది అప్ప. "అలగే కానీ." సీసా మళ్ళీ రుమాలులో పెట్టి చందనం తీసింది.

ఆరోజు లోపల్నించి ఒక్క తిట్టు కూడా వినిపించలేదు.

నేను తువ్వాలు ఇవ్వడానికి లోపలికి వెళ్ళాను. నుదుటికి, చెవుల వెనక, చేతులకి చందనం రాసేసింది. కాళ్ళకి మేజోళ్ళు తొడగబోతూ ఆగింది. నేను వచ్చినట్టు ఆవిడకి తెలుసు. అయినా దాచుకోకుండా రెండో సీసా విప్పి నాన్న అరికాళ్ళకి వట్టివేరు రాసింది. తీరిగ్గా, వేళ్ళ సందుల్లో కూడా. రాసి పైన మేజోళ్ళు తొడిగింది.

"అందరికీ ఇలాగేనా అప్పా?" అని అడిగాను.

"కాళ్ళకాడికి ఎవులొస్తారే," అంది. "పైకి మీరు సెప్పినట్టు. కిందకి ఉన్నట్టు."

కన్నపిల్లలం మేం దాచిన నిజాన్ని పరాయి మనిషి మేజోడు కింద దాచి పంపాల్సి వచ్చింది. అన్నయ్యకి ఉద్యోగం వచ్చింది. మరుసటేడు నాకూ హార్బరు ఆఫీసులో టైపిస్టు పని వచ్చింది. రిటైరయ్యేదాకా నెలనెలా ఆ అబద్ధాన్నే తిన్నాను.

పోనీ ఆవిడని నెత్తిన పెట్టుకున్నామా అంటే అదీ లేదు. చర్చి సంఘంలో ప్రేమ విందు జరిగితే ఉల్లిపాయలు కోస్తున్న అప్ప ముందునుంచి కత్తిపీట లాక్కునేవారు. "నువ్వు కూర్చో అప్పా, కష్టపడకు." అబ్బో, ఎంత ప్రేమ! శవాల్ని ముట్టుకున్న చేతులతో కోసిన ఉల్లిపాయ తినలేక. ఆవిడకి అర్థం కాకపోవడం ఏమిటి? వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చునేది. మా అమ్మ కూడా కత్తిపీట లాగినవాళ్ళలో ఉంది. నేను పక్కనే పళ్ళాలు తుడుస్తున్నాను.

మొన్న నేను వెళ్ళేసరికి రెండున్నర. వాకిట్లో టార్పాలిన్ కింద పెట్టె. పాతికమంది లేరు. తాజా స్ప్రే వాసన, నిమ్మకాయా కాదు, సబ్బూ కాదు. మా అన్నయ్య ఇప్పుడు సంఘపెద్ద. పాస్టరుగారి పక్కన గడియారం చూసుకుంటున్నాడు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా ఆవిడ గదిలోకి వెళ్ళి, మంచం కింద రేకు పెట్టె లాగి, తడిగుడ్డతో బయటికి వచ్చాను. ఆవిడ మొహం, మెడ, చేతులు తుడిచాను. పౌడరుతో సహా పోయింది ఆ కంపు. వట్టివేరు సీసా తీశాను.

అన్నయ్య గబగబా వచ్చాడు. "ఏం చేస్తున్నావే? రాయాలంటే ఆ చందనం రాసెయ్. ఇప్పుడందరికీ అదేగా."

"ఈవిడ ఓడెక్కి వచ్చింది."

"మెల్లగా!" అని నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊళ్ళో సగంమంది ఈవిడ నాన్నకి సొంత అక్క అనుకుంటారు. ఈవిడ అక్కడ పుడితే నాన్న ఎక్కడ పుట్టినట్టు? మా అబ్బాయి కార్డు కాగితాలు ఇప్పుడే ఆఫీసులో ఉన్నాయి. ఈ టైములో నీకిదంతా అవసరమా? కావాలంటే కాళ్ళకి రాసుకో, ఎవరు చూస్తారు?"

అరికాళ్ళ సంగతి వాడికి తెలుసు! ఇన్నేళ్ళూ తెలుసు. ఎప్పుడు చూశాడో, ఎలా తెలిసిందో, ఒక్కనాడూ నోరు మెదపలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే సంగతి మింగి కూర్చున్నాం. అప్పుడు తెగిపోయింది నా ఓపిక.

"కాళ్ళకి రాయను," అన్నాను. మెల్లగా అనలేదు. హార్బరు ఆఫీసులో ముప్పయ్యేళ్ళు గోలలో మాట్లాడిన గొంతు నాది. "ఆఫీసులో అందరం అబద్ధం చెప్పినప్పుడు నిజం చెప్పి కడుపు మాడ్చుకుంది ఈవిడొక్కతే. ఈవిడని కూడా అబద్ధంలో పూడ్చిపెడతారా? అందరూ వినండి. ఈవిడ పన్నెండేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చింది. ఆ ఓడలో ఈవిడ ఒళ్ళో తల పెట్టుకుని కక్కుకుంటూ వచ్చిన పిల్లాడు మా నాన్న. మా నాన్న ఇక్కడ పుట్టలేదు. మా కాగితాల్లో ఉన్నది అబద్ధం. వెళ్ళి ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి."

పాస్టరుగారు కీర్తనల పుస్తకం తెరిచి మూశారు. అన్నయ్య మోచెయ్యి వదిలేశాడు. వాడి మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. భయం ఉంది, చిన్నపిల్లాడి భయం. జాలి పడలేదు. దూది తడిపి ఆవిడ నుదుటికి రాశాను, చెవుల వెనక, అరచేతుల్లో. ఇంకో చుక్క ఎక్కువే వేశాను. ఆ వాసన టార్పాలిన్ కింద పరుచుకుంది. ఈ మధ్య పుట్టినవాళ్ళెవరికీ అది తెలియదు, ముక్కులెగరేసి చూస్తున్నారు.

వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలావిడ కర్ర పట్టుకుని లేచింది. ఆవిడ మొగుడు నాలుగేళ్ళ కింద పోయాడు. చందనమే రాయించారు. పెట్టె దాకా వచ్చి వంగి, వాసన చూసి, అలాగే ఉండిపోయింది. కొడుకు వచ్చి, "అమ్మా, పద," అంటే వాడి చెయ్యి విదిలించేసింది.

"ఏటే," అంది నన్ను. "నానూ జహాజ్‌లోనే వొచ్చినాను. ఈడు లేదంటాడు. రేపు నాకు ఎవులు రాస్తారు?"

"నేను రాస్తాను," అన్నాను. కొడుకు ఏదో అనబోయాడు. అతనికేసి చూడకుండా వెనకున్న ముసలివాళ్ళందరికీ వినబడేలా చెప్పాను. "కాని ఎక్కడ పుట్టారో బతికుండగానే వచ్చి నాకు చెప్పండి. పోయాక మీ పిల్లలు చెప్పేది నేను వినను."